మొండి మరక ఎవరిది?

మరకకి మొండితనాన్ని ఎవరు అంటగట్టారు? మొండి అనే మాటని మనం మామూలుగా చెప్పిన మాట వినని పిల్లలకీ, లొంగిరాని ఆడవాళ్లకీ వాడతాం. మొండిఘటం అంటాం, మొండిపట్టు అంటాం. అదే మాటని స్నానాలగదిలో టబ్బు అంచున, తెల్లటి టైళ్ల మీద పేరుకున్న చారకి తగిలించాక, దానితో తలపడాల్సిందెవరో వేరే చెప్పనక్కరలేదు. మొండి మరకలు వదిలించే చిట్కాలు దినపత్రికల మహిళా పేజీల్లోనే వస్తాయి. క్రీడల పేజీలో రావు, వ్యాపారం పేజీలో రావు. ఆ టబ్బులో స్నానం చేసేది ఇంటిల్లిపాదీ. మరక మాత్రం ఇల్లాలిది.

ఈ అమరికని టీవీ మరింత బిగించింది. హార్పిక్ ప్రకటనల్లో సినీనటుడు అబ్బాస్ ఏళ్ల తరబడి ఇళ్ల తలుపులు తట్టాడు. మగవాడు వచ్చి బాత్రూమ్ తనిఖీ చేస్తాడు. ఇల్లాలు సిగ్గుతో చితికిపోతుంది. అతను సీసా వంచి చూపిస్తాడు, ఆమె ముఖం వెలుగుతుంది. జ్ఞానం అతనిది, చాకిరీ ఆమెది, సిగ్గు కూడా ఆమెదే. ముప్ఫై సెకన్లలో పితృస్వామ్యాన్ని ఇంత పొందికగా చెప్పిన కథానిక మన సాహిత్యంలో ఉందా అని నాకు అనుమానం.

ఇంతకీ ఆ మరక ఏమిటి? చాలావరకు అది మురికి కాదు, నీళ్లు. దక్కను రాతినేలని వందల అడుగులు తొలిచి తోడుకుంటున్న బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఉంటాయి. నీరు ఆరిపోయాక అవి తెల్లటి పొలుసుగా మిగులుతాయి. సబ్బుతో కలిస్తే జిడ్డు తెట్టు కడతాయి. టబ్బు చుట్టూ నీటిమట్టం దగ్గర కనిపించే వలయం అదే. నీళ్లలో ఇనుము ఉంటే ఎర్రటి చార పడుతుంది. మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లు చాలినంత అందని హైదరాబాదు శివారు అపార్టుమెంట్లలో బోర్లు, ట్యాంకర్లే గతి. అంటే ఆ చార వెనుక ఒక నగర చరిత్ర ఉంది. చెరువులని పూడ్చి ప్లాట్లు వేసిన వాళ్లున్నారు, లోతుకి పోయిన భూగర్భజలం ఉంది. ఇంత పెద్ద రాజకీయాన్ని ఒక ఆడమనిషి శుభ్రత తెలియనితనంగా కుదించడం సామాన్యమైన విద్య కాదు.

సున్నపు పొలుసుకి విరుగుడు పులుపు. కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పుని గోరువెచ్చని నీళ్లలో కలిపి, గుడ్డ తడిపి, మరక మీద అరగంటో గంటో కప్పి ఉంచితే పొలుసు మెత్తబడి ఊడుతుంది. ఎర్రటి చార కూడా చాలావరకు తగ్గుతుంది. పాలరాయి అయితే మాత్రం ఆ పులుపు కూడా పడకూడదు, ఆ రాయే కాల్షియం కార్బొనేటు కనుక. దీనికి కావలసింది కండబలం కాదు, కాస్త వ్యవధి. కానీ గంటలో నాలుగు ఇళ్లు తిరగాల్సిన మనిషికి ఆ వ్యవధి ఎవరిస్తారు? అందుకే ఆమె చేతిలో యాసిడ్ సీసా పెడతాం.

బాత్రూమ్ యాసిడ్ అని మనం పిలిచేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. పోయగానే బుసబుస పొంగి మరక మాయమవుతుంది. మాయమయ్యేది మరక ఒక్కటే కాదు. టైళ్ల మధ్య సిమెంటు తినేస్తుంది, టబ్బు మీది ఎనామిల్ నునుపుని కొరికేస్తుంది. గరుకు తేలిన చోట తరువాతి మరక మరింత గట్టిగా పట్టుకుంటుంది. దానికి ఇంకా ఎక్కువ యాసిడ్. మొండి మరకని తయారు చేస్తున్నది మొండి మరకకి మందేనన్న మాట.

ఇక మనిషి సంగతి. కిటికీ సరిగా లేని నాలుగడుగుల గది, వట్టి చేతులు, వట్టి కాళ్లు, ముక్కుకి చీరకొంగు. యాసిడ్ మీద ఇంకాస్త తెల్లబడుతుందని బ్లీచింగ్ పౌడర్ చల్లితే క్లోరిన్ పుడుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో, 1915లో, బెల్జియంలోని ఈప్ర్ దగ్గర సైనికుల మీదికి వదిలిన వాయువు అదే. ఆ రెండింటినీ కలపకూడదని ఆమెకి చెప్పే బాధ్యత ఎవరిది? సీసా మీద ఉన్న హెచ్చరికని చదవగలిగింది కొన్నవాళ్లు, వాడేది ఆమె.

2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు, ఒకరు ప్రాణం పోగొట్టుకున్నారు. 2013లో సుప్రీంకోర్టు యాసిడ్ చిల్లర అమ్మకాల మీద ఆంక్షలు పెట్టింది. కొనేవారి గుర్తింపు కార్డు చూడాలి, వివరాలు రాసుకోవాలి, పద్దెనిమిదేళ్లలోపు వారికి అమ్మకూడదు అంది. ఎంతో పోరాడి సాధించుకున్న ఆదేశం అది. కానీ ఆ ద్రవం వీధి కొట్టు దాకా ఎందుకు వచ్చిందో మనం అడగలేదు. మన బాత్రూమ్‌ల కోసం వచ్చింది. విసిరిన యాసిడ్‌ని నేరం అన్నాం, సరే. రోజూ చుక్కచుక్కగా ఒకామె వేళ్ల సందుల్లో పడే యాసిడ్‌ని ఏమందాం? ఉపాధి అందామా?

మన సాహిత్యం ఇంటిచాకిరీని పట్టించుకోలేదని అనను. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మరచిపోయిన ఇల్లాలిని పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో మన ముందు నిలబెట్టారు. ఆ తరువాత మనం పేరు వెతుక్కున్నాం, ఉద్యోగాలు వెతుక్కున్నాం, పుస్తకాలు వేశాం. మంచిదే. అలికే గుడ్డ మాత్రం మాయం కాలేదు, మరో చేతికి మారింది. ఆ చెయ్యి ఎవరిదో చూడటానికి స్త్రీవాద విమర్శ తటపటాయించింది. వంట చేసే మనిషి బాత్రూమ్ కడగదు, బాత్రూమ్ కడిగే మనిషిని వంటగదిలోకి రానివ్వరు. ఒకే ఇంట్లో రెండు పనులకి రెండు కులాలు. స్త్రీలంతా ఒక్కటి కాదని 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' సాక్ష్యం లేకుండానే చెప్పగలిగే సత్యం కాదు అనుకునేవాళ్లు, తమ ఇంటి గడపల లెక్క చూసుకుంటే చాలు.

జీతం ఇస్తున్నాం కదా అంటారు. గృహకార్మికుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒప్పందం చేసింది. భారతదేశం దాన్ని ధ్రువీకరించలేదు. ప్రభుత్వం చేయనిది మనమేం చేస్తాం అని తప్పించుకోవచ్చు. కానీ యాసిడ్ కొనమని మనల్ని ఏ ప్రభుత్వం నిర్బంధించింది? నిమ్మ ఉప్పు, చేతికి తొడుగులు, తెరిచిన కిటికీ, గంట పనికి గంట కూలీ, వీటికి చట్టం రావాలా? ఆ చారతోనే బతకడానికి ఒప్పుకోవడానికి చట్టం రావాలా? అతిథి ముందు బాత్రూమ్ మెరవకపోతే పోయే పరువు మనదని మనకి ఎవరు చెప్పారో ఒకసారి గుర్తు చేసుకుందాం. తలుపు తట్టిన ఆ మగవాడే కదా.

ఇంకొక్క ప్రశ్న. మీ ఇంట్లో ఆ గదిని తళతళలాడేలా తోమే మనిషి, మధ్యాహ్నం అవసరం వచ్చినప్పుడు ఎక్కడికి వెళుతుంది? చాలా ఇళ్లలో ఆమెకి ఆ గది నిషిద్ధం. కడగడానికి పనికొచ్చే చెయ్యి వాడుకోవడానికి పనికిరాదు. నెలసరి రోజుల్లోనూ అంతే. పొద్దున ఆరింటి నుంచి గుక్కెడు నీళ్లు కూడా తాగకుండా పనులు చేసుకుపోయే ఆడవాళ్లు మన వీధిలోనే ఉన్నారు. దేహరాజకీయాల మీద మనం రాసిన వ్యాసాలు ఈ దేహాన్ని లెక్కలోకి తీసుకున్నాయా? తీసుకోనంత కాలం ఆ గదిలో ఏ ఆమ్లానికీ వదలని మరక ఒకటి ఉంటుంది. అది టైళ్ల మీద లేదు.