వాన లెక్క సరే.. నీటి దారి తెలుసా?

2024 ఆగస్టు 31 రాత్రి మొదలైన వాన కోదాడను ముంచింది. మర్నాడు నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాల్వకు గండి పడింది. అదే వాయుగుండానికి దిగువన బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీళ్లలో ఉండిపోయింది. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కులు సముద్రానికి వదిలారు. మన హాలియా వాగు కలిసేదీ ఆ కృష్ణలోనే. కాబట్టి కోస్తా ముంపు మనకెందుకులే అనుకోవడానికి లేదు.

ఈ వానను కొలవడానికి ఇప్పుడు ఆకాశంలోనూ కళ్లున్నాయి. నాసా, జపాన్ అంతరిక్ష సంస్థ కలిసి 2014లో ప్రయోగించిన జీపీఎం ఉపగ్రహం, మరికొన్ని ఉపగ్రహాల కొలతలను కలిపి అరగంటకోసారి వాన అంచనా తయారవుతుంది. ఒక్కో గడి సుమారు 10 కిలోమీటర్ల చదరం. సమాచారం ఉచితం. ఇస్రో వారి మోస్‌డాక్‌లోనూ ఉపగ్రహ వర్షపాత వివరాలు దొరుకుతాయి.

ఒక చిన్న లెక్క చూడండి. 100 చదరపు కిలోమీటర్ల గడి మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే కోటి ఘనపు మీటర్ల నీరు, అంటే దాదాపు 0.35 టీఎంసీ. అందులో కొంత నేలలో ఇంకినా, మిగిలిందంతా ఎటో ఒకవైపు పోవాలి. మన దగ్గర వాలు ఉంది కాబట్టి వాగులు గంటల్లో పొంగి గంటల్లో తగ్గుతాయి. డెల్టాలో ఆ వాలు లేదు. కొల్లేరు నీరు సముద్రానికి చేరాలంటే ఉప్పుటేరే దారి. పోటు మీదున్నప్పుడు సముద్రం నీటిని తీసుకోదు. మురుగు కాల్వల్లో గుర్రపుడెక్క పేరుకుంటే చెప్పక్కర్లేదు. అందుకే వాన ఆగినా చేలల్లో నీళ్లు రోజుల తరబడి నిలుస్తాయి. ఎంత వాన పడిందో ఉపగ్రహం చెబుతుంది. కాల్వ ఎక్కడ పూడిందో చెప్పదు. పైగా గడి మొత్తానికి సగటు చెబుతుంది కాబట్టి ఒకచోట కుండపోతగా కురిస్తే తక్కువ చూపించే ప్రమాదం ఉంది. నేలమీది వర్షమాపకంతో సరిచూడాల్సిందే.

ఈ రెండు లెక్కల్నీ కలపగలవాళ్లే ఇప్పుడు కావాలి. నీటిపారుదల, పట్టణ ప్రణాళిక, పంటల బీమా.. అన్నింటా ఈ పని ఉంది. సివిల్, అగ్రికల్చర్, కంప్యూటర్స్, జాగ్రఫీ ఏది చదివినా దారి తెరిచే ఉంది. క్యూజీఐఎస్ ఉచిత సాఫ్ట్‌వేర్. డెహ్రాడూన్‌లోని ఇస్రో సంస్థ ఐఐఆర్ఎస్ ఉచితంగా ఆన్‌లైన్ కోర్సులు నడుపుతోంది. జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో ఈ రంగంలో ఎంటెక్ ఉంది.

అయితే చాలామంది చివరి ఏడాది ప్రాజెక్టును నగరంలో కొనుక్కొచ్చి బైండింగ్ చేయించి ఇస్తున్నారు. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే అది తేలిపోతుంది. దాని బదులు హాలియా వాగునే తీసుకోండి. గత వానాకాలపు ఉపగ్రహ లెక్కను మండల వర్షమాపకంతో పోల్చండి. ఏ కల్వర్టు మీద ముందు నీళ్లెక్కుతాయో ఊరి పెద్దల్ని అడిగి మ్యాపులో గుర్తు పెట్టండి. తేడా ఎక్కడొచ్చిందో, ఎందుకొచ్చిందో రెండు పేజీల్లో రాయండి. ఉద్యోగం ఇచ్చేవాళ్లకు చూపించడానికి అంతకన్నా మంచి కాగితం ఉండదు. రేపు వాగు పొంగినప్పుడు ఊరికీ అదే అక్కరకొస్తుంది.