నాచు మాధ్యమంలో సూక్ష్మ ధాతువుల లెక్క

నీలి ఆకుపచ్చ నాచుపై వెలువడే సిద్ధాంత గ్రంథాలలో పోషకాల ప్రస్తావన తరచు “బీజీ-11 మాధ్యమంలో పెంచడమైనది” అన్న ఒక్క వాక్యంతో ముగుస్తుంది. లీటరుకు ఒక మిల్లీలీటరు చొప్పున కలిపే సూక్ష్మ ధాతువుల ద్రావణాన్ని అందరికీ తెలిసినదే అన్నట్లు వదిలివేస్తారు. నత్రజని స్థిరీకరణను కొలిచే ప్రయోగంలో ఇది చిన్న లోపం కాదు.

ఆ ఒక్క మిల్లీలీటరుతో లీటరు మాధ్యమానికి బోరాన్, మాంగనీసు సుమారు 0.5 మి.గ్రా. చొప్పున, మాలిబ్డినం 0.15, జింకు 0.05, రాగి 0.02, కోబాల్టు 0.01 మి.గ్రా. అందుతాయి. ఇనుము విడిగా ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేటు రూపంలో చేరుతుంది. ఇంత స్వల్ప పరిమాణాలలో చిన్న పొరపాటు కూడా పెద్దదే. ఐదు నీటి అణువులు గల కాపర్ సల్ఫేటుకు బదులు నిర్జల లవణాన్ని అదే తూకంలో వేస్తే రాగి ఒకటిన్నర రెట్లకు పైగా అవుతుంది. చెరువులలో నాచును చంపడానికి వాడేదీ ఈ మైలుతుత్తమే!

మాలిబ్డినం విషయం మరింత సూక్ష్మమైనది. సాధారణ నైట్రోజినేజ్ ఎంజైము క్రియాకేంద్రంలో ఇనుముతో పాటు మాలిబ్డినం ఉంటుంది. అమ్మోనియా ఇచ్చి పెంచిన నాచుకు దాని అవసరం దాదాపు ఉండదు. నైట్రేటును వినియోగించుకోవడానికి కొద్దిగా చాలు. నత్రజని లేని మాధ్యమంలోకి మార్చినప్పుడే అసలు కొరత బయటపడాలి. కానీ కణాలలోని నిల్వ, లవణాలలోని మలినాలు దానిని కొంతకాలం కప్పిపుచ్చుతాయి. కనుక ఒక్క మార్పిడితో “మాలిబ్డినం ప్రభావం లేదు” అని తేల్చడం తొందరపాటు. అనబీనా వేరియాబిలిస్ వంటి జాతులైతే మాలిబ్డినం లేనప్పుడు వెనేడియంతో పనిచేసే మరో నైట్రోజినేజ్‌ను తయారు చేసుకుంటాయి. నీలి ఆకుపచ్చ నాచుకు కోబాల్టు ఆవశ్యకమని 1954లో హోమ్-హాన్సెన్, గెర్లాఫ్, స్కూగ్ నిరూపించారు.

వరి మడులలో నత్రజని చేరికకు ఈ నాచు కారణమని పి.కె.డే 1939లో చూపినప్పటి నుండి దీనిని జీవన ఎరువుగా ప్రోత్సహిస్తున్నారు. ప్రయోగశాలలో ఏపుగా పెరిగిన జాతి పొలంలో విఫలమైతే నింద పురుగుమందుపైనో, నత్తలపైనో, చివరకు రైతుపైనో పడుతుంది. సీసాలో దొరికిన ధాతువులు ఆ నేలలో దొరికాయా అన్న ప్రశ్న అరుదు. నీరు నిలిచిన నేలలో ఇనుము లభ్యత పెరిగి జింకు లభ్యత తగ్గుతుంది. ఆమ్ల నేలలలో మాలిబ్డినం బిగుసుకుపోతుంది. సల్ఫేటు ఎక్కువైతే మాలిబ్డేటు గ్రహణానికి అడ్డు తగులుతుంది. జింకు సల్ఫేటు, జిప్సం వేసే మడులలో ఇది పరిశీలించదగిన అంశం.

కాబట్టి ఎంపిక పరీక్షలను పూర్తి మాధ్యమంలోనే కాక, వేయబోయే నేల నుండి తీసిన సారంలోనూ జరపాలి. ప్రతి లవణం రూపం, వాడిన నీరు, ఇ.డి.టి.ఎ. మోతాదు, గాజు పాత్రలను ఆమ్లంతో కడిగారా లేదా, ఎన్ని మార్పిడుల తరువాత కొలిచారు అన్న వివరాలు లేని పత్రాన్ని మార్గదర్శకులు వెనక్కి పంపాలి. ఇవన్నీ రాయడానికి అరపేజీ చాలు.