ఆయన రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారో మనకి తెలుసు

మా అత్తయ్యగారికి నిద్రలో కూడా బాత్రూం తలుపు చప్పుడు వినిపిస్తుంది. మామయ్యగారు రాత్రి ఎన్నిసార్లు లేచారో, లోపల ఎంతసేపు ఉన్నారో పొద్దున్నే చెప్పగలరు. కానీ మూడేళ్ళపాటు ఎవరికీ చెప్పలేదు. "పిల్లలకి గానీ కోడలికి గానీ చెప్పావంటే ఊరుకోను" అన్నారట ఆయన. ఆవిడ ఆ మాట నిలబెట్టారు.

ఆ మూడేళ్ళలో మాకు కనిపించింది వేరు. తెనాలి నుంచి హైదరాబాదుకి బస్సులో హాయిగా వచ్చే మనిషి ఏదో ఒక వంక చెప్పి రావడం మానేశారు. మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి వచ్చి కూడా, భోజనాలు కాకుండానే వెళ్ళిపోయారు. "మీ నాన్నగారికి మనమంటే ఇష్టం పోయింది" అని మా ఆయన్ని నేను సాధించాను కూడా. బస్సు ఆపమని డ్రైవర్ని అడగలేక ప్రయాణాలు మానుకున్నారనీ, ఫంక్షన్ హాల్లో బాత్రూం ముందు నిలబడలేక వెళ్ళిపోయారనీ ఎవరికి తెలుసు?

కిందటేడు సంక్రాంతికి మేమే ఊరెళ్ళాం. ఆయనకి జలుబు చేస్తే మెడికల్ షాపులో అడిగి మాత్రలు తెచ్చిచ్చింది నేనే. భోగి రోజు రాత్రి ఆయనకి చుక్క మూత్రం రాలేదు. పొత్తికడుపు రాయిలా అయిపోయింది. తెల్లవారుజామున ఆస్పత్రికి తీసుకెళ్తే పైపు వేశారు. దాదాపు లీటరు వచ్చింది. కొన్ని రకాల జలుబు మాత్రలు మూత్రాశయం మెడ దగ్గరి కండరాన్ని ఇంకా బిగిస్తాయట. ప్రోస్టేట్ పెరిగినవాళ్ళు డాక్టర్ని అడక్కుండా అవి వేసుకోకూడదట. నాకు ముందే తెలిసుంటే ఇచ్చేదాన్ని కాదు కదా! ఎవరైనా చెప్పుంటే తెలిసేది కదా!

పరువు కోసం దాచిన విషయం పండగపూట బంధువులందరి ముందూ యూరిన్ బ్యాగ్ రూపంలో మంచం పక్కన వేలాడింది. అందుకే ఈ మౌనం గౌరవం కాదంటాను నేను.

అసలు సంగతేమిటంటే, ప్రోస్టేట్ అనేది మగవాళ్ళకి మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉండే చిన్న గ్రంథి. వయసులో ఉన్నప్పుడు ఇరవై గ్రాములుంటుంది. నలభై దాటాక మెల్లగా పెరుగుతుంది. అరవై దాటేసరికి సగం మందిలో పెరిగే ఉంటుంది. నాళాన్ని నొక్కేస్తుంది కాబట్టి ధార సన్నబడుతుంది, మొదలవడానికి ఆలస్యమవుతుంది, వెళ్ళొచ్చినా ఇంకా మిగిలిందనిపిస్తుంది, రాత్రుళ్ళు లేవాల్సి వస్తుంది. ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు కూడా. కాకపోతే రెండూ ఒకే మనిషిలో విడివిడిగా ఉండే అవకాశం ఉంది కాబట్టి డాక్టర్ని అడిగి పీఎస్‌ఏ అనే రక్తపరీక్ష సంగతి తేల్చుకోవాలి. షుగర్ ఉన్నా మాటిమాటికీ వెళ్ళాల్సి వస్తుంది, కనుక అదీ చూపించుకోవాలి.

ఈ విషయంలో మన ఇళ్ళలో రెండు రకాల మాటలు వింటాను. మొదటిది "వయసు మీద పడ్డాక ఇంతేలే". రెండోది "ఎందుకొచ్చిన గొడవ, ఆపరేషన్ చేయించేసుకుంటే పోతుంది". రెండూ నాకు నచ్చవు.

మా పక్కింటాయనకి ఏదో కడుపునొప్పికి స్కానింగ్ తీస్తే, రిపోర్టులో ప్రోస్టేట్ గ్రేడ్ టూ అని వచ్చింది. ఇంకేముంది, ఇంటిల్లిపాదీ హడలిపోయి ఆపరేషన్‌కి డబ్బు సర్దుకోవడం మొదలెట్టారు. తీరా చూస్తే ఆయన రాత్రి లేచేది ఒక్కసారి! గ్రంథి సైజుకీ బాధకీ లెక్క కుదరాలని లేదు. పెద్దగా పెరిగినా సుఖంగా ఉన్నవాళ్ళున్నారు, కొద్దిగా పెరిగినా నరకం చూసేవాళ్ళున్నారు. సాయంత్రం తర్వాత టీ, కాఫీ తగ్గించి, పడుకునే ముందు నీళ్ళు తగ్గిస్తే సరిపోయేవాళ్ళూ ఉన్నారు. ఆ తర్వాత మందులు. టామ్సులోసిన్ లాంటివి కండరాన్ని వదులు చేసి కొద్దిరోజుల్లోనే పనిచేస్తాయి, అయితే లేచి నిలబడితే కళ్ళు తిరగొచ్చు. డుటాస్టరైడ్ లాంటివి గ్రంథిని తగ్గిస్తాయి, దానికి ఆరు నెలలు పట్టొచ్చు. రెండు వారాలు వాడి "పనిచెయ్యట్లేదు" అని మానేస్తే ఎలా?

మరి ఆపరేషన్ ఎప్పుడు? మూత్రం పూర్తిగా ఆగిపోయి, మందు వాడుతూ పైపు తీసి చూసినా మళ్ళీ రానప్పుడు. మాటిమాటికీ ఇన్ఫెక్షన్ వస్తున్నప్పుడు, రక్తం పడుతున్నప్పుడు, మూత్రాశయంలో రాళ్ళు చేరినప్పుడు. వెనక్కి ఒత్తిడి వచ్చి కిడ్నీలు దెబ్బతింటున్నప్పుడు. మందులు సరిపడా కాలం వాడినా బాధ తగ్గకపోయినా, ఆ మందులు ఒంటికి పడకపోయినా. ఇలాంటప్పుడు "ఇంకొన్నాళ్ళు చూద్దాం" అంటే మూత్రాశయం నెట్టి నెట్టి అలిసిపోతుంది. తర్వాత దారి బాగుచేసినా దాని పాత బలం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

మామయ్యగారికి మందు ఇచ్చి రెండుసార్లు పైపు తీసి చూశారు. రెండుసార్లూ మళ్ళీ వేయాల్సి వచ్చింది. అప్పుడు డాక్టరుగారు ఒక కాగితం తీసి ఏడు ప్రశ్నలడిగారు, అంతకుముందు నెలల్లో ఎలా ఉండేదని. ఒక్కోదానికి సున్నా నుంచి ఐదు మార్కులు. మొత్తం ఏడు వరకైతే తక్కువ, ఇరవై లేదా ఆపైనైతే ఎక్కువ బాధ కింద లెక్క. చివర్లో ఇంకో ప్రశ్న ఉంది: మిగతా జీవితమంతా ఇలాగే ఉండాల్సి వస్తే మీకెలా ఉంటుంది?

"అలవాటైపోయిందండీ" అన్నారు మామయ్యగారు.

పక్కన కూర్చున్న అత్తయ్యగారు మొదటిసారి నోరు విప్పారు. "అబద్ధం డాక్టరుగారూ. మనవరాలి ఫంక్షన్‌లో విస్తరి ముందు నుంచి లేచొచ్చేశారు. ఆ రాత్రి పడుకోలేదు."

ఆయన తల వంచుకున్నారు. కాసేపటికి "ఆపరేషన్ చేసెయ్యండి" అన్నారు.

పైన కోత లేదు. నడుముకి మత్తిచ్చి, మూత్రనాళం లోంచే పరికరం పంపి, అడ్డున్న భాగాన్ని ముక్కలుగా తీశారు. ఆ ముక్కల్ని పరీక్షకి పంపితే క్యాన్సర్ లేదని వచ్చింది. ఇప్పుడు లేజర్‌తో చేసే పద్ధతులూ ఉన్నాయి. ఒక విషయం మాత్రం మొహమాటం లేకుండా రాస్తాను, ఎందుకంటే మనలో చాలామంది భర్తలు యాభైల్లో ఉన్నారు. ఈ ఆపరేషన్ తర్వాత వీర్యం బయటికి రాకుండా మూత్రాశయంలోకి వెళ్ళిపోవడం చాలామందిలో జరుగుతుంది. ఒంటికి హాని లేదు, కానీ ముందే భార్యాభర్తలిద్దరూ కూర్చుని అడిగి తెలుసుకోవాల్సిన విషయం.

మామయ్యగారు ఇప్పటికీ రాత్రి రెండుసార్లు లేస్తారు. మూడేళ్ళ ముందు వచ్చుంటే మందులతో సరిపోయేదేమో, ఎవరం చెప్పలేం. అత్తయ్యగారు మాత్రం "ఆయన మాట కాపాడాననుకున్నానమ్మా, ఆయన్ని కాపాడలేదు" అంటుంటారు. ఆవిడ తప్పు కాదది. ఆ ఇంట్లో ఆ మాట ఎత్తగలిగే చోటు ఎవరూ ఉంచలేదు. నాతో సహా. ఆయన ఎందుకు రావట్లేదని అలిగానే తప్ప, ఎందుకని అడగలేదు.

కోడలు మామగారిని అడగడం కష్టమే. కానీ అత్తగారిని అడగొచ్చు, మొగుడికి చెప్పి కొడుకు చేత అడిగించొచ్చు. మన మొగుణ్ణి మనం అడగడానికి ఏం అడ్డు?

మా ఆయనకి యాభై రెండు. ఈమధ్య రాత్రి రెండుసార్లు తలుపు చప్పుడు వింటున్నాను. మొన్న కాఫీ ఇస్తూ అడిగేశాను. "నీకెందుకు?" అన్నారు మొదట. తర్వాత "ధార కొంచెం తగ్గినట్టుంది" అన్నారు. వచ్చే శనివారం అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. ఇద్దరం వెళ్తున్నాం.