బాకీని భిక్ష చేసే భాష

కర్మాగారంలో ప్రమాదం జరిగిన మరునాడు మన పత్రికలలో కనిపించే వాక్యాలను వరసగా పెట్టి చూడండి. మృతుల కుటుంబాలకు పరిహారం ప్రకటించారు. బాధితులను ఆదుకున్నారు. చెక్కులు అందజేశారు. క్రియలన్నీ దాతృత్వాన్ని చెప్పేవే. ఇచ్చేవాడు కర్త, పుచ్చుకొనేవాడు సంప్రదానం. బాకీపడినవాడు బాకీ తీర్చాడన్న వాక్యం భూతద్దం పెట్టి వెదికినా దొరకదు. ఇది శైలికి సంబంధించిన అల్పవిషయమని తోసిపుచ్చే పెద్దలున్నారు. వారితోనే ఈ వ్యాసానికి పేచీ.

మనం రెండు వేరు వేరు సంగతులను ఒకే మాటతో పిలుస్తున్నాము. మొదటిది నష్టపరిహారం: చట్టప్రకారం రావలసినది, రాకపోతే దావా వేసి రాబట్టుకోదగినది. రెండవది ఎక్స్‌గ్రేషియా. అనుగ్రహంవల్ల ఇచ్చేదని ఆ లాటిన్ మాటకు అర్థం. ఇచ్చేవాడికి బుద్ధి పుడితే ఇస్తాడు, లేకుంటే లేదు. మొదటిదానికి హక్కుదారు ఉంటాడు, రెండవదానికి యాచకుడు ఉంటాడు. ఈ రెండింటినీ పరిహారమనే ఒకే సంచిలో వేసి మూతికట్టడంవల్ల ఎవరికి లాభం? చేయి తెగినవాడికి మాత్రం కాదు.

చట్టం ఏమన్నదో చూడండి. పనివారల నష్టపరిహార చట్టం 1923లో వచ్చింది. చేసినది బ్రిటిషు ప్రభుత్వం. కార్మికులమీద ప్రేమ పొంగిపొర్లి చేసిందని ఎవరూ భ్రమపడనక్కరలేదు. అయినా అందులో ఒక గొప్ప సూత్రం ఉన్నది. పనివల్ల, పని సందర్భంలో దెబ్బ తగిలిందా అన్నదే ప్రశ్న. యజమాని తప్పు చేశాడా అని అది అడగదు. పనివల్ల లాభం తీసుకొనేవాడే పనివల్ల వచ్చే నష్టాన్నీ మోయాలి. కాంట్రాక్టరు తెచ్చిన కూలీ అయినా సరే, అసలు యజమాని తప్పించుకోలేడు. సొమ్ము చెల్లించవలసివచ్చిన నాటినుంచి నెల దాటితే నూటికి 12 వడ్డీ. తగిన కారణం చూపకపోతే అసలులో సగందాకా జరిమానా. వడ్డీ దేనికి కడతారు? అప్పుకు కడతారు. దానానికి వడ్డీ కట్టిన దాతను పురాణాలలోకూడా మనం చూడలేదు! 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి ఆ పాత చట్టం స్థానాన్ని ఆక్రమించింది గాని, ఈ మూలసూత్రాలను విడిచిపెట్టలేదు. ఇక ఇ.ఎస్.ఐ. బీమా ఉన్న కార్మికుడికి యజమాని బదులు ఆ సంస్థే చెల్లిస్తుంది. అదీ బీమాదారు హక్కే.

అవయవానికి వెలకట్టడం నీచమనీ, దుఃఖానికి ఖరీదు లేదనీ సున్నిత హృదయులు కొందరు అంటారు. వినడానికి ఇంపుగానే ఉన్నది. కాని ఖరీదు లేదన్న మాట చివరకు ఏమీ ఇవ్వనక్కరలేదన్న మాటగా మారడం ఎంత తేలికో వారు గమనించరు. ఏకలవ్యుడి బొటనవేలిని మన సాహిత్యం గురుదక్షిణ అన్నది. 1923 చట్టపు పట్టికలో బొటనవేలు పోతే సంపాదనశక్తిలో నూటికి 30 పోయినట్లు లెక్క. చూపుడువేలికి 14, నడిమివేలికి 12, చిటికెనవేలికి 7. ఈ పట్టికలో కవిత్వం లేదు, నిజమే. కాని పోయినది పోయిందని ఒప్పుకొనే నిజాయితీ ఉన్నది. లాక్కొన్నదానిని సమర్పణ అని చెప్పడం ఆనాటి పద్ధతి. చెల్లించవలసినదానిని దానమని చెప్పడం ఈనాటి పద్ధతి. రెండింటిలోనూ వేలు పోయినవాడే చేతులు జోడించాలి!

అంతమాత్రాన చట్టపు లెక్కను నెత్తిన పెట్టుకోమనడం లేదు. దానిలోని అన్యాయం మరో చోట ఉన్నది: అది మనిషిని కూలితో కొలుస్తుంది, ఆ కూలికికూడా కత్తెర వేస్తుంది. ఎంత సంపాదించినా లెక్కకు తీసుకొనే నెలజీతానికి ఒక పరిమితి ఉండేది. 2010లో అది 8,000 రూపాయలు. పదేళ్ల పాటు ధరలు పెరుగుతూ పోయినా కదలలేదు. 2020లో 15,000 అయింది. ముప్పయ్యేళ్ల కార్మికుడు ఆ తరువాత యంత్రంలో బొటనవేలు పోగొట్టుకున్నాడనుకోండి. 15,000లో నూటికి 60 పాళ్లు 9,000. ఆ వయస్సుకు చట్టం నిర్ణయించిన గుణకం 207.98. రెంటినీ హెచ్చవేసి, వచ్చినదానిలో నూటికి 30 తీస్తే 5,61,546 రూపాయలు. అతని నిజమైన జీతం 25,000 అయితే ఇదే లెక్కకు 9,35,910 రావాలి. మధ్యలో మాయమైన మూడు లక్షల డెబ్బయి నాలుగు వేల పైచిలుకు ఎవరి జేబులో మిగిలింది? జీతం కాగితంమీద లేని కూలీ గతి మరీ హీనం. పట్టికలో అతని వేలు ఉంటుంది, హాజరుపట్టీలో అతని పేరు ఉండదు.

పట్టికే తుదిమాట కాదనికూడా కార్మికులు తెలుసుకోవాలి. మోచేతిపైన ఎడమచేయి తీసివేయవలసివచ్చిన ఒక వడ్రంగి విషయంలో, ఇది పట్టిక ప్రకారం పాక్షిక నష్టమేనని యజమాని వాదించాడు. ఒంటి చేతితో వడ్రంగం సాగదు కాబట్టి అతని నష్టం సంపూర్ణమేనని 1975లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బాకీ ప్రమాదం జరిగిన రోజునుంచే పుడుతుందని కూడా చెప్పింది. గుమాస్తాకు ఎడమచేయి పోవడమూ వడ్రంగికి పోవడమూ ఒకటి కాదని చెప్పడానికి పెద్ద శాస్త్రజ్ఞానం అక్కరలేదు. ఎదుటి మనిషి ఏ పని చేసి బతుకుతున్నాడో చూసే కన్ను కావాలి. ఆ కన్ను రచయితకు ఉండాలి గదా!

ఇక గేటు దగ్గరి బేరం. శవాన్ని గేటు ముందు పెట్టి బంధువులు కూర్చుంటారు. నాయకులు వస్తారు, పోలీసులు వస్తారు. ఒక అంకె దగ్గర బేరం తెగుతుంది. ఇకమీదట మాకు ఏ హక్కూ లేదని ఒక కాగితంమీద వేలిముద్ర తీసుకుంటారు. చట్టం దారి ఏళ్ల తరబడి సాగుతుంది, గేటు దగ్గర డబ్బు వెంటనే చేతికి వస్తుంది, కాబట్టి ఆ కుటుంబాన్ని తప్పుపట్టడానికి మనమెవరం? ఆ డబ్బుకూడా పోరాడి తెచ్చుకొన్నదే. కాని ఆ కాగితం సంగతి వారికి చెప్పేవారెవరు? హక్కును వదులుకొనే ఒప్పందం 1923 చట్టం ప్రకారం చెల్లదు. మరణం సంభవించినప్పుడు సొమ్మును కమిషనరు వద్ద జమకట్టాలి; వారసుల చేతికి యజమాని నేరుగా ఇచ్చినది, మూడు నెలల జీతానికి మించని బయానా తప్ప, నష్టపరిహారం కిందికే రాదు. దావాకు రెండేళ్ల గడువున్నది. ఈ నాలుగు ముక్కలు తెలియకపోవడంవల్లనే వేలిముద్రకు అంత బలం వచ్చింది.

భాష చేసే మోసం ఎంత పెద్దదో విశాఖపట్నం చెబుతుంది. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారంనుంచి స్టైరీన్ ఆవిరి ఊరిమీదికి వచ్చింది. పన్నెండుమంది చనిపోయారు. మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఆపదలో ప్రభుత్వం ఇవ్వడం తప్పని ఎవరంటారు? కాని అది ప్రజల ఖజానా. విషం కంపెనీది, సొమ్ము ప్రజలది, కీర్తి పాలకులది! ప్రమాదకర పరిశ్రమ నడిపేవారి బాధ్యత సంపూర్ణమనీ, దానికి మినహాయింపులు లేవనీ సుప్రీంకోర్టు 1986లోనే చెప్పింది. కంపెనీ 50 కోట్లు జమకట్టాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ ప్రమాదం మరునాడే ఆదేశించింది. కోటి రూపాయల ప్రకటన అందరికీ జ్ఞాపకమున్నది. ఆ 50 కోట్ల ఆదేశం ఎంతమందికి జ్ఞాపకమున్నది? దయ పతాకశీర్షిక అవుతుంది. బాకీ లోపలిపేజీలో చిన్న అచ్చులో పడుతుంది.

దీనిలో సాహిత్యానికి పాలు లేదా? కరుణరసానికి శోకం స్థాయి అని తరగతి గదులలో మేము పాఠం చెపుతాము. మన కథలుకూడా ఆ పాఠాన్ని మరీ వినయంగా అప్పగిస్తున్నాయి. ప్రమాదం జరుగుతుంది; భార్య గుండెలు బాదుకుంటుంది; పాఠకుడు కన్నీరు పెట్టుకుంటాడు; కథ ఆసుపత్రి మంచం దగ్గరో, శ్మశానం దగ్గరో ఆగిపోతుంది. నిజానికి అసలు కథ మొదలయ్యేది అక్కడనే. హాజరుపట్టీ ఎవరు చించారు? రక్షణ తొడుగు లేకుండా యంత్రాన్ని ఎవరు తిప్పమన్నారు? ఆమె కమిషనరు ఆఫీసు మెట్లు ఎన్నిసార్లు ఎక్కి దిగింది? ఇవి రాయడం గుమాస్తా పని అని ముఖం చిట్లించే విమర్శకుడు, దోపిడీ గుమాస్తా లెక్కలలోనే జరుగుతున్నదని మరచిపోతున్నాడు. కన్నీటితో కథ ముగిస్తే కార్మికుడు మన జాలికి పాత్రుడుగా మిగిలిపోతాడు. లెక్క అడిగితేనే అతడు కథకు నాయకుడవుతాడు.

కాబట్టి మాటనుంచే మొదలుపెడదాము. చట్టప్రకారం రావలసినదానిని బాకీ అందాము. చెల్లించినప్పుడు చెల్లించారని రాద్దాము. ఎగవేసినప్పుడు ఎగవేశారని రాద్దాము. దయతో ఇచ్చినదానికి దయ అనే పేరు ఉండనే ఉన్నది, దానిని ఎవరూ కాజేయనక్కరలేదు. మాట మార్చినంతమాత్రాన తెగిన వేలు మొలవదు. కాని చాచిన చెయ్యి అడుక్కోవడానికా, లెక్క అడగడానికా అన్నది మాటతోనే తేలుతుంది.