తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

పోయిన వానాకాలం గోదావరిఖనిలో మా లాప్‌టాప్ ఒకటి తడిసి చెడిపోయింది. ఓపెన్‌కాస్టుల కింద ఊళ్లు పోయిన స్త్రీలతో రెండేళ్లు జరిపిన సంభాషణలు అందులోనే ఉన్నాయి. కాపీ తీసి పెట్టకపోవడం మా తప్పే. సగం కూడా తిరిగి దొరకలేదు. మాట్లాడిన అవ్వల్లో ఇద్దరు ఇప్పుడు లేరు.

అప్పటినుంచి క్లౌడ్‌లో పనిచేస్తున్నాం. పేరుకు భయపడాల్సిన పనిలేదు. ఎక్కడో ఉన్న ఒక పెద్ద కంప్యూటర్‌ను సాఫ్ట్‌వేర్ సాయంతో అనేక కంప్యూటర్లుగా విడదీసి, గదులు కిరాయికిచ్చినట్టు ఇస్తారు. ఒక్కో గదీ ఒక వర్చువల్ మెషీన్. పెద్దపల్లిలో ఒకరు, మంథనిలో ఒకరు, హైదరాబాద్‌లో నేను, మా పాత కంప్యూటర్ల నుంచే అందులోకి వెళ్లి పనిచేస్తాం. సర్వే లెక్కలు కట్టేటప్పుడు పెద్ద మెషీన్ తీసుకుని, పనయ్యాక ఆపేస్తాం. వాడిన కాలానికే కిరాయి. మెషీన్ ఆపినా అందులో దాచిన వాటికి అద్దె నడుస్తూనే ఉంటుందని మొదటి బిల్లు చూశాక గాని తెలియలేదు.

ఈ క్లౌడ్ ఆకాశంలో లేదు. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్ ప్రాంతంలో తన డేటా సెంటర్లను ప్రారంభించింది. రాత్రింబవళ్లు కరెంటు కావలసిన భవనాలవి. రాష్ట్రానికి కరెంటిచ్చే వాటిలో 2,600 మెగావాట్ల రామగుండం ఎన్‌టీపీసీ ఒకటి, దానికి బొగ్గు సింగరేణిది. ఊరు పోగొట్టుకున్న అవ్వ మాటలను ఆమె ఊరి కింది బొగ్గుతోనే కాపాడుకుంటున్నామేమో!

అయినా నన్ను ఎక్కువగా వేధిస్తున్న ప్రశ్న వేరే ఉంది. చాలా మహిళా సంఘాల్లో ఈ ఖాతా ‘కంప్యూటర్ తెలిసిన అబ్బాయి’ పేరున ఉంటుంది. పాస్‌వర్డూ, ఓటీపీ వచ్చే ఫోనూ అతనివే. అతను మంచివాడే కావచ్చు. కానీ ఇంటి తాళంచెవి మగవాళ్ల చేతిలో ఉండటం గురించి ఇన్నేళ్లుగా మాట్లాడిన మనం, దీన్ని సాంకేతిక విషయమని ఎలా వదిలేస్తాం? 2005 గృహహింస చట్టం కింద సాయం కోరి వచ్చిన స్త్రీ చిరునామా ఒక్కటి బయటికి పొక్కితే చాలు, ఆమె ప్రాణం మీదికి వస్తుంది.

అందుకని బీరువా కాగితాలే నయమనే మిత్రులున్నారు. కాగితాలకు చెదలూ తప్పదు, దొంగచూపులూ తప్పవు. నేననేది ఒక్కటే: ఖాతా సంస్థ పేరున ఉండాలి. తాళం ఇద్దరు స్త్రీల చేతిలో ఉండాలి. పేర్లు ఒకచోట, కథనాలు వేరొకచోట దాచాలి. నెలనెలా మరోచోట కాపీ తీయాలి.

2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, సమ్మతి అడిగే నోటీసును తెలుగులోనూ చదువుకునే వీలుండాలంటోంది. చదవలేని స్త్రీకి నోటితో చెప్పడం మన బాధ్యత. ‘నీ మాటలు ఫలానాచోట దాస్తున్నాం, వద్దంటే తీసేస్తాం’ అని ఆమెతో ఎప్పుడైనా అన్నామా? నేనైతే ఆ రెండేళ్లలో ఒక్కసారి కూడా అనలేదు.