తూకం తగ్గలేదని ఈత మానవద్దు



భావనపాడులో మేమెరిగిన ఒక సహోదరుడున్నారు. వయసు నలభై దాటింది. చిన్ననాడు తెప్ప మీద తెడ్డు వేసిన మనిషి. ఇప్పుడు ఇంజను బోటు వచ్చి ఒంటికి శ్రమ తగ్గింది. పొట్ట పెరిగింది, చక్కెర వ్యాధి వచ్చింది. బరువు తగ్గమని డాక్టరుగారు చెప్పగా రెండు నెలలు రోజూ ఈదారు. తూచుకుంటే ఒక కిలో పెరిగారు! "అయ్యగారూ, ఈత నాకు పడనేదండి" అని మానేశారు. అయితే ఆదివారం ఆయన వేసుకొచ్చే ప్యాంటు నడుము దగ్గర వదులవడం మేము చూశాము.

ఇదెలాగు? నీరు గాలికంటే సుమారు 800 రెట్లు చిక్కనిది. దానిని చేతులతో నెట్టినప్పుడెల్లా భుజాలు, వీపు, తొడలు పనిచేసి కండ పడుతుంది. లీటరు కొవ్వు సుమారు 900 గ్రాములుంటే, లీటరు కండ సుమారు 1,060 గ్రాములుంటుంది. కొవ్వు కరిగి కండ పెరిగితే కాటా ఆ మేలును చూపదు. రక్తంలోని చక్కెరను ఎక్కువగా వాడుకొనేది కండే గనుక, చక్కెర ఉన్నవారికి ఇది చిన్న మేలు కాదు.

ఇంకొక సంగతి. 70 కిలోల మనిషి అరగంట నిదానంగా ఈదితే సుమారు 200 కాలరీలు ఖర్చవుతాయి. చల్లని నీటి నుండి వచ్చాక ఆకలి దంచుతుంది. అదనంగా ఒక కప్పు అన్నం తింటే ఖర్చయినదంతా తిరిగి వచ్చినట్టే.

మోకాళ్ల నొప్పులున్నవారికీ నీరు మంచిది. మెడవరకు నీటిలో నిలిస్తే కాళ్లపై పడే భారం సుమారు పదోవంతే. కాని ఎముకల బలానికి ఈత ఒక్కటే చాలదు, నడక కూడా కావాలి.

వయసు మించిందనుకొనుచున్నారా? సామర్లకోటకు చెందిన గోలి శ్యామలగారు 2021 మార్చిలో, 47 ఏళ్ల వయసులో, శ్రీలంక నుండి ధనుష్కోటి వరకు సుమారు 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని ఈదారు.

అయితే జాగ్రత్త. చక్కెర మందులు వాడేవారు డాక్టరుగారిని అడగకుండా, పరగడుపున, ఒంటరిగా నీటిలో దిగకూడదు. నీటిలో ఉండగా చక్కెర పడిపోతే ప్రాణాపాయం. కెరటాలు ఉధృతంగా ఉన్ననాడు ఎంత ఈతగాడైనా ఒడ్డున ఉండటమే మేలు.

మా సహోదరుడు మళ్లీ ఈత మొదలుపెట్టారు, ఈసారి తమ్ముణ్ణి తోడు తీసుకొని. నెలకొకసారి బొడ్డు దగ్గర దారంతో కొలుచుకొని ముడి వేయమని చెప్పాము. మొన్న ఆ దారం చూపించారు. రెండో ముడి మొదటి ముడికి వేలెడు లోపలికి వచ్చింది.