ప్రొఫెసర్ గారూ, ఉత్తరంతో సరిపెట్టేశారేంటి?

'మనీ హైస్ట్' ఆఖరి ఎపిసోడ్ వచ్చింది 2021 డిసెంబర్ 3న. ఇన్నేళ్ళయినా ఆ మాటెత్తితే మా స్నేహితుల్లో ఇప్పటికీ రెండు పార్టీలు. (ఇంకా చూడనివాళ్ళెవరైనా మిగిలుంటే ఇక్కడే ఆగిపోండి, కథ మొత్తం చెప్పేస్తున్నా.) నాలాంటి వాడెవడైనా ఉసూరుమంటే రెండో పార్టీ దగ్గర సమాధానం రెడీగా ఉంటుంది: "టైంపాస్‌కి చూసేదాన్లో లాజిక్కేంట్రా బాబూ!"

అసలు లాజిక్ ఎవరడిగారండీ? సాల్వడార్ డాలీ మాస్కులేసుకుని టంకశాలలో దూరినప్పుడే లాజిక్ ని గుమ్మం బయట వదిలేశాం. నేనడిగేది వాళ్ళు పెట్టుకున్న రూల్సు వాళ్ళు పాటించమని.

మొదటి దొంగతనం గుర్తుందిగా. ఉన్న డబ్బు ఎత్తుకుపోవడం కాదు, లోపల కూర్చుని అచ్చేసుకోవడం. 11 రోజులు, 240 కోట్ల యూరోలు, అదీ టార్గెట్. అంటే పోలీసుల్ని ఒక్క గంట ఆపగలిగితే ఆ గంటకి ఇన్ని నోట్లని లెక్క. ప్రొఫెసర్ ఆడిన ప్రతి నాటకానికీ, ఫోన్లో చెప్పిన ప్రతి అబద్ధానికీ విలువ మనకి తెలుస్తూనే ఉంటుంది. చివరికి 98.4 కోట్లతో బయటపడతారు. టార్గెట్ లో సగం కూడా లేదు, అయినా తృప్తిగా ఉంటుంది. ఎందుకంటే ఆ తక్కువ ఎక్కడ పడిందో మనం కళ్ళారా చూశాం.

ఇప్పుడు బ్యాంక్ ఆఫ్ స్పెయిన్ కి రండి. 90 టన్నుల బంగారాన్ని కరిగించి, గింజలుగా చేసి, పైపుల్లోంచి బయటికి పంపడం... ఏమాటకామాటే చెప్పుకోవాలి, అదిరింది. ఆ బంగారాన్ని బెర్లిన్ కొడుకు రఫాయెల్, టాటియానా కలిసి పోలీసు వేషాల్లో వచ్చి కొట్టేయడం ఇంకా బాగుంది. దొంగనే దోచేశారు! ఇప్పుడు ప్రొఫెసర్ ఏం చేస్తాడా అని కుర్చీ అంచుమీద కూర్చున్నాం.

ఏం చేశాడు? ఉత్తరం రాశాడు. అబ్బాయిగారు చదివి, మనసు కరిగి, 90 టన్నులూ ఇచ్చేశారు. మనిషి మారకూడదని కాదు. అప్పటిదాకా మనకి సరిగ్గా పరిచయమే లేని కుర్రాడి మనసు మీద ఐదు భాగాల కథ వేలాడదీస్తే ఎలా?

నా బాధ అసలు అదీ కాదు. అదే ఎపిసోడ్ లో మొత్తం సిరీస్ కే తలమానికమైన ఐడియా ఒకటుంది. దోచుకున్న బంగారం తిరిగొచ్చిందని కడ్డీలు చూపించగానే పడిపోయిన మార్కెట్లు లేస్తాయి. తీరా గీకి చూస్తే బంగారు పూత వేసిన ఇత్తడి! కల్నల్ టమాయోకి తెలిసిపోయింది, కానీ చెప్తే దేశం మునుగుతుంది. దొంగల గుట్టు సర్కారే కాపాడాలి. సెంట్రల్ బ్యాంకు శూన్యంలోంచి డబ్బు పుట్టిస్తే దొంగతనమనరేం అని మొదట్లో రాకెల్ ని నిలదీసిన మనిషికి ఇంతకంటే తగిన ఎత్తు ఏముంటుంది? దాని చుట్టూ నాలుగు ఎపిసోడ్లు అల్లొచ్చు. గబగబా కానిచ్చేశారు. ఆ టైమంతా తుపాకులకీ కన్నీళ్ళకీ పోయింది. నైరోబీ, టోక్యో చనిపోయినప్పుడు నేనూ కదిలిపోయాను, కాదనను. కానీ ప్లాన్ లో బరువు తగ్గినప్పుడల్లా ఒకర్ని చంపి సరిచేస్తున్నారేమో అనిపించింది.

ఎందుకిలా అయిందో మనవాళ్ళకి వేరే చెప్పాలా? 2017లో స్పెయిన్ లో ఆంటెనా 3 ఛానల్ లో 15 ఎపిసోడ్లతో కథ అయిపోయింది. చివరికొచ్చేసరికి అక్కడ చూసేవాళ్ళూ తగ్గిపోయారు. నెట్‌ఫ్లిక్స్ దాన్నే 22 ముక్కలుగా కోసి పెడితే ప్రపంచం ఎగబడింది. ఇంకేం, డెలివరీ అయిపోయిన ప్రాజెక్టుకి ఫేజ్ టూ! ఒక పనికోసం కట్టిన డిజైన్ మీద ఇంకో అంతస్తు లేపమంటే ఏమవుతుందో మనందరికీ అనుభవమే. బడ్జెట్ పెరుగుతుంది, పేలుళ్ళు పెరుగుతాయి, పునాది అదే.

అంచనాలు మామూలుగా ఉన్నాయా? 2021 సెప్టెంబర్ లో ఐదో భాగం మొదలైన రోజు జైపూర్ లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఏకంగా సెలవిచ్చేసింది. మనకి తెలుగు డబ్బింగూ వచ్చింది. అంత ప్రేమగా చూసినవాళ్ళకి ఆ ఇత్తడి కడ్డీ సంగతి ఇంకో గంట చూపిస్తే వాళ్ళ సొమ్మేం పోయేది?

బెర్లిన్ మీద 2023 చివర్లో విడిగా ఇంకో సిరీస్ కూడా వదిలారు. మా పార్టీలో సణిగినవాళ్ళంతా అదీ చూసేశారు లెండి, సణుగుతూనే.